నివురు కప్పిన కొండ

అండమాన్ దీవుల్లో బారెన్ అనే చిన్న దీవి ఉంది. అక్కడ మనుషులు ఉండరు. ఆ దీవి అంతా ఒక అగ్నిపర్వతమే.

1787లో ఆ కొండ మండడం చూసినవాళ్ళు రాసిపెట్టారు. కొన్నేళ్ళకు మంట ఆగింది. వందేళ్ళకు పైగా కొండ చల్లగా ఉంది. 1991లో మళ్ళీ నిప్పులు కక్కింది!

మరి, ఎవరూ రాయని కాలం సంగతి ఎలా తెలుస్తుంది?

ఇల్లు అలికితే పొరమీద పొర పడుతుంది. అడుగు పొర పాతది. పై పొర కొత్తది. సముద్రం అడుగునా అంతే. కొండ మండినప్పుడల్లా బూడిద నీళ్ళలో పడి పొరగా పేరుకుంది. శాస్త్రవేత్తలు సముద్రంలోకి పొడవాటి గొట్టం దించి ఆ బురద తీశారు.

బురదలో చిన్న చిన్న గుల్లలు ఉంటాయి. గుల్లలోని జీవి చచ్చాక, అందులో ఒకరకం కార్బన్ తరుగుతూ వస్తుంది. 5,730 ఏళ్ళకు సగమవుతుంది. ఎంత తరిగిందో చూసి గుల్ల వయసు లెక్క కడతారు. దాన్నిబట్టి పక్కనున్న బూడిద వయసు తెలుస్తుంది.

ఈ కొండ వేల ఏళ్ళుగా ఆగి ఆగి మండుతోందని అలా తేలింది.

పొయ్యిలో నివురు చూసి నిప్పు లేదనుకుంటే చెయ్యి కాలుతుంది. కొండ సంగతీ అంతే.