ఫిండెక్స్

ఎంతమందికి బ్యాంకు ఖాతా ఉందన్న వార్త వచ్చినప్పుడల్లా వినిపించే మాట ‘గ్లోబల్ ఫిండెక్స్’. 15 ఏళ్లు, ఆపై వయసువారు డబ్బు ఎలా దాచుకుంటున్నారో, పంపుతున్నారో, అప్పు ఎక్కడ తెస్తున్నారో అడిగి తెలుసుకునే ప్రపంచ బ్యాంకు సర్వే ఇది. 2011లో మొదలైంది, సుమారు మూడేళ్లకోసారి వస్తుంది. పేరు చూసి ర్యాంకుల జాబితా అనుకునేరు, కాదు.

బ్యాంకుల రికార్డులను కాకుండా మనుషులనే అడగడం దీని ప్రత్యేకత. ఒకరికి నాలుగు ఖాతాలుంటే బ్యాంకుల లెక్కలో నాలుగు, ఇక్కడ ఒక్క మనిషే. కెన్యాలోని ఎం-పెసా లాంటి మొబైల్ మనీ కూడా ఖాతా కిందికే వస్తుంది. అవసరం ముంచుకొస్తే 30 రోజుల్లో డబ్బు సర్దగలరా అనీ అడుగుతారు.

పింఛన్లు, సబ్సిడీలు నేరుగా ఖాతాల్లో పడుతున్న కాలంలో ఖాతా లేనివారెవరో ప్రభుత్వాలకు తెలియాలి. ప్రపంచంలో ఖాతా ఉన్న పెద్దలు 2011లో 51 శాతం, 2021లో 76 శాతం. అదే భారత్‌లో 35 నుంచి 78కి పెరిగారు. కానీ 2021 సర్వేలో మన ఖాతాదారుల్లో 35 శాతం మంది ఏడాదిగా ఖాతాను ముట్టుకోనేలేదు.