టైరు లోపలి యంచు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో నేడు కారు లేని వీధి అరుదు. దుబాయిలోనో మస్కటులోనో ఏండ్ల తరబడి చెమటోడ్చిన సొమ్ముతో కొన్నది యొకటి, మామిడితోట కలిసివచ్చిన యేట కొన్నది యొకటి, మరమగ్గముల షెడ్డు నడుపువారు కొన్నది మఱియొకటి. అందులోను చిన్నకార్లకంటె ఎత్తుగా, బరువుగా, వెడల్పయిన చక్రములతో నుండు ఎస్.యు.వి. బండ్లపై మోజు హెచ్చినది. కొన్న మగవారు మఱల విమాన మెక్కిపోగా బండి యింటనే యుండును. దాని తాళము ఇల్లాలి చేతికి వచ్చును. పిల్లల బడి, అత్తగారి ఆసుపత్రి, వేములవాడ మ్రొక్కు, శంషాబాదు విమానాశ్రయము, ఏ ప్రయాణమునకైనను డ్రైవరును పిలుచుటయు, డీజిలు పోయించుటయు, బాగు చేయించుటయు ఆమె పనియే. కావున ఈ నాలుగు మాటలు ఆమె కొఱకే వ్రాయుచున్నాను.

దసరానాడు కారును కడిగి, పసుపు కుంకుమ లద్ది, బంతిపూల దండ కట్టుదుము. క్రొత్తబండి యైనచో చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి నడిపింతుము. చక్రము నింతగా గౌరవించు మనము దాని లోపలి ప్రక్కను మాత్రము చూడము. టైరు వెలుపలివైపున నల్లగా నిగనిగలాడుచు, గాడులు లోతుగా, నిన్న కొన్నట్లే యుండును. అదే టైరు, బండి క్రిందివైపునకు తిరిగియున్న యంచున, రెండు వ్రేళ్ల వెడల్పున రబ్బరంతయు హరించి, నున్నబడి, ఒక్కొక్కచో ఉక్కుతీగలు బయల్పడి యుండవచ్చును. అట్టి టైరు మిట్టమధ్యాహ్నపు టెండలో నూఱు కిలోమీటర్ల వేగమున పోవునపుడు పగిలిన నేమగునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఎత్తైన బండి యగుటచే ఒఱిగి పడుట కూడ సులభము.

టైరనగా ఉత్త రబ్బరు ముద్ద యనుకొందుము గాని దాని లోపల నేత గలదు. 1888లో డన్‌లప్ అను పశువైద్యుడు బెల్‌ఫాస్టు నగరమున తన కుమారుని మూడుచక్రముల బండికై చేసిన గాలిటైరునకు పేటెంటు పొందెను. అందులోను గుడ్డ యుండెను. 1946లో ఫ్రాన్సు దేశపు మిషలిన్ కంపెనీవారు నేటి రేడియల్ టైరునకు పేటెంటు తీసికొనిరి. దారపు పొరలు ఒక యంచునుండి మఱియొక యంచునకు అడ్డముగా సాగును; వానిపై ఉక్కుతీగల పట్టీలు చుట్టబడును; ఆపైన నడచి అరుగుటకు రబ్బరు. సిరిసిల్ల సోదరీమణులకు పడుగు పేకల మాట నేను చెప్పవలెనా? బట్టకు అంచు తెగిన నడిమినేత నిలువనట్లే, టైరు అంచున తీగ బయటపడిన పిమ్మట లోపలికి నీరు, తుప్పు ప్రవేశించి, పొరలు విడిపోవుటకు ఎక్కువ కాలము పట్టదు.

ఇంతకును ఒక ప్రక్కనే ఏల అరుగును? ఒకరి చెప్పు మడమ లోపలివైపున, మఱియొకరిది వెలుపలివైపున అరుగుట చూచుచునే యున్నాము. చెప్పుదే తప్పని ఎవ్వరు ననరు. అడుగు పడుతీరు నందురు. కారు చక్రమునకు నిట్టి అడుగుతీరు గలదు. బండి నెదుట నిలిచి చూచినచో చక్రముల తలలు ఒకదానివైపు ఒకటి కొంచెము వాలియుండవచ్చును. బరిలోని మల్లుడు కాళ్లు చాచి నిలిచినట్లన్నమాట. ఈ వాలును క్యాంబర్ అందురు. పైనుండి చూచినచో చక్రముల ముందుకొనలు లోనికో వెలికో తిరిగియుండవచ్చును. కొందఱు పాదములు లోనికి మడిచి నడచుట లేదా, అట్లు. దీనిని టో అందురు. మూడవది క్యాస్టర్, సైకిలు ముందుఫోర్కు ఏటవాలుగా నుండునట్టిది. మలుపు తిరిగిన స్టీరింగు తనంత తాను తిన్ననగుటకు తోడ్పడును గాని టైరు అరుగుదలలో దాని పాలు స్వల్పము. ఈ కోణములను బండి చేసినవారు చెప్పిన కొలతలకు తెచ్చుటయే వీల్ అలైన్‌మెంటు.

మూటిలో మిక్కిలి నష్టము చేయునది టో. చక్రము తాను పోవలసిన దారికి ఒక్క డిగ్రీ ప్రక్కకు తిరిగియున్నచో, కిలోమీటరు నడచునప్పటికి సుమారు 17 మీటర్లు అడ్డముగా ఈడ్వబడినట్లు లెక్క. డిగ్రీలో నాల్గవవంతు తేడా కంటికి కనబడదు. అయినను జగిత్యాలనుండి హైదరాబాదు వఱకు గల సుమారు 200 కిలోమీటర్లలో అది 870 మీటర్ల ఒఱపిడి యగును. దానికి క్యాంబర్ వాలు తోడయ్యెనా, బరువంతయు లోపలి యంచుపై పడి, ఒఱపిడియు నక్కడనే జరుగును.

వేగమునకై చేసిన ఎస్.యు.వి.లలో ఈ బాధ మఱింత. పందెపు కార్లకు పేరొందిన పోర్షే కంపెనీ 2002లో కయెన్ అను ఎత్తైన బండిని తెచ్చినది మొదలు, రెండుటన్నుల బరువును పందెపు కారువలె పరుగెత్తింపవలెనను కోరిక కంపెనీల కన్నిటికిని పుట్టినది. అంత బరువు మలుపు తిరుగునపుడు వెలుపలికి ఒఱగును. అప్పుడు వెలుపలి చక్రము నేలకు చదునుగా ఆనుటకై దానిని ముందే లోనికి వాల్చి యుంతురు. మలుపులో అది గుణమే. మెట్‌పల్లినుండి కోరుట్ల మీదుగా జగిత్యాలకు వచ్చు 63వ జాతీయ రహదారివంటి చోట, తిన్నగా సాగు దూరమే ఎక్కువ గావున, అదే గుణము లోపలి యంచును తినుచుండును. టైరెంత వెడల్పయిన నంచున అంత తేడా. ఇదిగాక కొందఱు కుఱ్ఱవాండ్రు బండి అందముగా కనబడుటకై స్ప్రింగులు మార్పించి ఎత్తు తగ్గింతురు. ఎత్తు తగ్గిన పెక్కు బండ్లలో చక్రపు వాలు హెచ్చును. ఆ యందమునకు వెల టైర్లు చెల్లించును.

ఇక మన బాటలు. దుక్కినాట్ల కాలమున దమ్ముచక్రములు విప్పకయే ట్రాక్టర్లు తారురోడ్డు నెక్కును. అవి చీల్చినచోట వానకు గుంట పడును. కోతలకాలమున రోడ్డు సగము వడ్ల కల్లమగును. తప్పించుకొనబోయి చక్రము తారు అంచునుండి మట్టిలోనికి దిగి మఱల ఎక్కును. ఇసుక లారీలు, కరీంనగరు గ్రానైటు లారీలు కుంగదీసిన దారులు సరేసరి. ఒక్క పెద్దకుదుపు చాలును, కోణము చెదరుటకు. బుష్షులు అరిగిన పాతబండిలో కుదుపు కూడ నక్కఱలేదు.

"సారు వచ్చినంక చూద్దాం లెండమ్మా" యని డ్రైవరనును. సారు వచ్చునది మఱుసటి యేడు. అంతవఱకు ఆ టైర్లపై తిరుగువారు పిల్లలును, పెద్దలును. చూచుటకు సారే యుండవలెనా? బండిని చదునైననేలపై నిలిపి, యంత్రమాపి, చేతిబ్రేకు వేయించి, స్టీరింగును పూర్తిగా ఒకప్రక్కకు త్రిప్పించిన యెడల ముందుటైర్ల లోపలి యంచు బయటపడును. వెనుకటైర్లు తిరుగవు గనుక సెల్‌ఫోనును క్రిందుగా పెట్టి చక్రపు వెనుకనుండి ఫొటో తీసిన చాలును. ముందు కంటితో చూచి, తీగలు లేవని నిశ్చయించుకొన్న పిమ్మటనే చేయి పెట్టవలెను. తీగకొన సూదివలె గ్రుచ్చుకొనును. అరచేతిని టైరుపై అడ్డముగా అటునుండి యిటు, ఇటునుండి యటు నిమిరినచో, ఒకవైపు నున్నగాను, ఎదురువైపు ఱంపపుపండ్లవలెను తగిలెనేని టో చెడినదని గుర్తు. రెండంచులును సమానముగా అరిగినచో గాలి తక్కువ. నడుము మాత్రమే అరిగినచో గాలి ఎక్కువ. అక్కడక్కడ గుంటలు గుంటలుగా నున్నచో షాకబ్జార్బర్లనో, బాలెన్సింగునో శంకింపవలెను.

గాడుల అడుగున అడ్డముగా చిన్న రబ్బరుకట్ట లుండును. 1.6 మిల్లీమీటర్ల ఎత్తుగల యీ కట్టలకు సమముగా టైరు అరిగినచో దానిని మార్చవలసినదే. మన మోటారువాహన నియమములలోని హద్దును అదియే. కాని యీ కట్టలు పెద్దగాడులలోనే యుండును. నడుమ కట్ట యింకను లోతుననే యుండగా అంచు బోడియై పోవచ్చును. నడుమ చూచి బాగున్నదనువాని మాట నమ్మరాదు.

అలైన్‌మెంటునకు పోయినపుడు నాలుగు చక్రములకును చేయింపుడు. ముందురెండే చూచినచో వెనుకటి వంకర అట్లే యుండును. ముందుగా బుష్షులు, బాల్‌జాయింట్లు వదులైనవేమో చూడుమనుడు. వదులుగా నున్నవానిపై కొలత సరిచేసిన నది నాల్గుదినములు నిలువదు. పనికి ముందటి కొలతలు, తరువాతి కొలతలు గల కాగితము నడిగి తీసికొనుడు. అందులో అన్నియు పచ్చరంగున నున్నను లోపలి యంచు అరుగుచునే యున్నచో, కంపెనీ యనుమతించిన హద్దులలోనే టోను నడిమికొలతకు, క్యాంబర్‌ను సాధ్యమైన మేరకు తక్కువవాలునకు తెమ్మని యడుగవచ్చును. కొన్ని బండ్లలో క్యాంబర్ సవరించు నేర్పాటే యుండదు. అట్టిచో టో ఒక్కటే దిక్కు. ముందువెనుక టైర్ల కొలత వేఱైనచో స్థానములు మార్చుటయు వీలుకాదు. నాలుగుచక్రములకు శక్తిపోవు బండిలో ఒక్క క్రొత్తటైరు వేయించుటకు ముందు కంపెనీ పుస్తకము చూడవలెను. మిగిలిన మూటితో ఎత్తు తేడా మించినచో గేర్లకు చేటు. నైట్రోజను గాలి యని వేఱుగ డబ్బడుగుదురు. మనము పీల్చు గాలిలోనే నూటికి 78 పాళ్లు అదియే. డ్రైవరు తలుపు ప్రక్కనున్న చీటీలోని కొలత ప్రకారము, టైరు చల్లగా నున్నపుడు గాలి పట్టించుటయే ముఖ్యము.

యజమాని వచ్చువఱకు కదలక నిలిచియుండు బండ్లకు మఱియొక చిక్కు. అరుగకున్నను రబ్బరు ముసలిదగును. టైరు ప్రక్కగోడపై డి.ఓ.టి. యను నక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకె లుండును. 2319 అని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేసినదని యర్థము. ఈ యంకెలు ఒక్కొక్క టైరున లోపలి ప్రక్కనే యుండును గావున వెలుపల కనబడకున్న అక్కడ వెదకవలెను. ఐదేండ్లు దాటినపిమ్మట ఏటేట చూపింపుమని తయారుచేయువారే చెప్పుచున్నారు.

తీగ కనబడిన టైరుతో విమానాశ్రయమునకు బయలుదేరకుడు, అద్దెకారు పిలుచుకొనుడు. స్టెప్నీ వేసికొని పోవుదమన్నను, దానిపై వ్రాసిన వేగపుహద్దు చదువవలెను. పెక్కు బండ్లలో స్టెప్నీ సన్నగా నుండును. దానిని గంటకు 80 కిలోమీటర్లు మించి నడుపరాదు. చాల యిండ్లలో అందులో గాలియే యుండదు.