రత్నావళీనాటిక – బెల్గాచియా ప్రయోగము

దశరూపకములకు దోడుగా లాక్షణికులు నాటిక యను రూపకభేదమును జెప్పియున్నారు. నాలుగంకములు, స్త్రీపాత్రల బాహుళ్యము, ధీరలలితుడగు నాయకుడు, కైశికీవృత్తి, గీతనృత్యముల సమృద్ధి, తుదకు జ్యేష్ఠనాయికయగు దేవి యంగీకారముతోడనే నాయికాసమాగమము – ఇవి దాని ముఖ్యలక్షణములు. ఇందు విమర్శసంధి యత్యల్పము. ప్రేక్షకుని నవ్వించి, పాట వినిపించి, ప్రసన్నచిత్తునిగా నింటికి బంపుటయే నాటికకు బ్రయోజనము. క్రీస్తుశకము 7వ శతాబ్దమున శ్రీహర్షదేవుడు రచించిన రత్నావళి యిట్టివానిలో ముఖ్యోదాహరణము.

దశరూపకవ్యాఖ్యాత యగు ధనికుడు సంధ్యంగముల కుదాహరణములను రత్నావళినుండి విరివిగా గైకొనెను. దీనివలన నీ గ్రంథమున కొక మేలును, ఒక కీడును గలిగినవి. పండితగోష్ఠులయందు దాని పేరు నిలిచియుండుట మేలు. విద్యార్థి దానిని లక్షణములకు లక్ష్యముల పేటికగా మాత్రమే యెరిగి, రంగమున నాడదగిన దృశ్యకావ్యమని మరచుట కీడు. పూర్వు లిట్లు మరువలేదు. 8వ శతాబ్దమున కాశ్మీరమునందలి దామోదరగుప్తుడు తన కుట్టనీమతమున రత్నావళీ ప్రథమాంక ప్రయోగమును వర్ణించియున్నాడు.

ప్రయోగము లేనిచో నేమి నష్టమో యొక ఘట్టమును బట్టి తెలియును. ప్రథమాంకమున మదనమహోత్సవవేళ మదనిక, చూతలతిక యను చేటికలు ద్విపదీఖండమును బాడుచు, ఆడుచు బ్రవేశింతురు. విదూషకుడు వారితో గలసి యాడి, యా పాటను దనకు నేర్పుమనును. అది ద్విపదీఖండమని వారు తెలుపగా, ఆ ఖండముతో మోదకములు చేయుదురా యని యడుగును. ఖండశబ్దమునకు శకలమనియు, చక్కెరయనియు నర్థములు గలవు. తెలుగువారి ‘కండచక్కెర’యందును నీ శబ్దమే కలదు. ఇచ్చటి ద్విపది తెలుగు ద్విపదతో నభిన్నము కాదు. పేరు మాత్రమే సమానము.

ఈ శ్లేషను బాఠశాలలో విప్పి చెప్పినచో నర్థము తెలియును గాని నవ్వు రాదు. పాట చెవులలో మ్రోగుచుండగా, అడుగుల లయ యింకను నాగక యుండగా, తిండిపోతగు బ్రాహ్మణు డా ప్రశ్న వేసినయెడల సభ తనంతట నవ్వును. కావున నిచ్చట గీతము పైపై యలంకారము కాదు, హాస్యమునకు మూలము. ద్వితీయాంకమున శారిక చెలుల మాటలను మరల బలుకుటయు నిట్టిదే. విదూషకుడు దాని పలుకులను ఋక్కులని భ్రమించును. రాజునకు మాత్ర మా పలుకుల వలననే కన్యకాహృదయము తెలియుటకు దారి యేర్పడును. వినబడు ధ్వనియే హాస్యమునకును, కథాగమనమునకును నాధార మగుచున్నది.

ఇట్టి నాటిక నొకానొక యౌత్సాహిక సమాజము రంగమునకు దెచ్చిన వృత్తాంతము స్మరింపదగినది. 1858వ సంవత్సరము జూలై 31వ తేదీని కలకత్తా చెంగటి బెల్గాచియా యుద్యానగృహమున బైక్‌పారా జమీందారులగు ప్రతాపచంద్రసింహుడు, ఈశ్వరచంద్రసింహుడు రత్నావళిని వంగభాషలో నాడించిరి. అనువాదకుడు రామనారాయణ తర్కరత్న. నటులు నటనమును జీవికగా గొన్నవారు కారు. వచ్చినవా రాహ్వానితులే, రుసుము గైకొని యాడు వంగీయుల నేషనల్ థియేటరు 1872 డిసెంబరు 7వ తేదీని గాని మొదలు కాలేదు. విదూషకపాత్రమును ధరించిన కేశవచంద్ర గంగోపాధ్యాయుడు మిక్కిలి ప్రశంస బడసెను. క్షేత్రమోహన గోస్వామి, యదునాథపాలుడు దేశీయరాగములతో వాద్యబృందమును గూర్చిరి. నాటికకు సంగీత మెంత యావశ్యకమో యా సమాజ మెరిగియుండె ననుట కిది చాలును.

ఆంగ్లేయ ప్రేక్షకుల నిమిత్తము నాటిక నింగ్లీషులోనికి మార్చుటకు మైకేల్ మధుసూదన దత్తు నియుక్తుడయ్యెను. అల్పవస్తువగు రూపకమునకై యింత ధనవ్యయమా యని యాతడు మిత్రుడగు గౌరదాస బసాకుతో వాపోయెనని ప్రసిద్ధి. ఆ యసంతృప్తియే యాతనిచే శర్మిష్ఠను వ్రాయించెను. అది 1859లో బ్రకటితమై, ఆ యేటి సెప్టెంబరు 3వ తేదీని నా రంగముననే ప్రదర్శిత మయ్యెను.

మధుసూదనుని యాక్షేపము సగము నిజము. రత్నావళిలో గంభీరమగు ధర్మసంకటము లేదు. ఓడ మునిగిన రాజపుత్రికకు సైతము శుభమే సిద్ధమై యున్నది. అయినను లఘువగు వస్తువు ప్రయోగమున సులభమని తలపరాదు. కరుణమున నటుడు తడబడినను కథాభార మాతనిని గొంత గాచును; హాస్యమున నొక్క మాత్ర యాలస్య మయినచో నంతయు జెడును. నాటికను నాడి చూపినందుననే దానియందలి లోటు సైతము కనబడి, నూతన నాటకమునకు దారియయ్యెను. చదివి ప్రక్కన బెట్టినయెడల నీ మేలును గలుగకుండెడిది.

ఆంధ్రదేశమున రాజమహేంద్రవరమందు 1880లో గందుకూరి వీరేశలింగము పంతులుగారు విద్యార్థులచే నాటకములాడించిరి. వారు రత్నావళిని దెనిగించిరి కూడ. విద్యార్థులు వేషము వేయుట కిట్లు పూర్వాచారము గలదు. కావున రత్నావళిని బోధించు పండితులు పదచ్ఛేదాన్వయములను జెప్పిన పిదప, ప్రథమాంకమునైన బిల్లలచే బాడించి యాడించుట యుక్తము. తెరగాని, దీపములుగాని లేకున్నను గొరత లేదు. ఖండశబ్దమున కర్థము చెప్పక మునుపే పిల్లలు నవ్విరేని పాఠము ఫలించినదని యెరుగవలయును.