జామాయిల్ ఆకు, నీలగిరి సీసా: రెండూ ఒకటేనా?

ఖమ్మం నుంచి సత్తుపల్లి, అశ్వారావుపేట వైపు వెళ్లినా, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లినా జామాయిల్ తోటలు కనిపిస్తాయి. ఒక ఆకు తుంచి నలిపి చూడండి. జలుబు చేస్తే వేడినీళ్లలో వేసుకునే నీలగిరి తైలం వాసనే. అందుకే "సీసాలో ఉన్నది ఈ చెట్టు నూనే కదా, ఆకుపసరు లాంటిదే, ఏం కాదు" అనుకుంటాం. ఇందులో సగమే నిజం. మిగతా సగం తెలియకపోతే ప్రాణం మీదకి రావచ్చు.

ముందు చెట్టు సంగతి. జామాయిల్ అంటే యూకలిప్టస్. దీని స్వస్థలం ఆస్ట్రేలియా. మన జామ, నేరేడు, లవంగం కూడా ఈ కుటుంబానివే. ఊటీ కొండల్లో 1843లో నాటడం మొదలైన రకం గ్లోబ్యులస్. నీలగిరి తైలానికి ఆ పేరు ఆ కొండల వల్లే వచ్చింది. మన మైదానాల్లో పెరిగేది ఎక్కువగా టెరెటికార్నిస్, దాని సంకరాలు. భద్రాచలానికి గోదావరి ఇవతలి ఒడ్డున ఉన్న సారపాక కాగితం మిల్లు 1979లో మొదలైంది. ఇప్పుడది ఐటీసీది. ఆ మిల్లు చుట్టూ రైతులు వేసిన క్లోన్ మొక్కల్ని త్వరగా, నిటారుగా పెరగాలని, గుజ్జు బాగా రావాలని ఎంపిక చేశారు, నూనె కోసం కాదు.

ఇక కెమిస్ట్రీ. ఈ నూనెలో ముఖ్యమైన పదార్థం 1,8-సినియోల్. దీని అణువులో 10 కార్బన్, 18 హైడ్రోజన్, 1 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. దీనితోపాటు పైనీన్, లిమొనీన్ లాంటి టెర్పీన్లూ ఉంటాయి. బ్రిటిష్ ఫార్మకోపియా ప్రకారం మందుగా వాడే తైలంలో సినియోల్ కనీసం 70 శాతం ఉండాలి. తోటలోని చెట్టులో ఆ వాటా జాతిని బట్టి, ఆకు వయసును బట్టి మారిపోతుంది. నిమ్మవాసన వచ్చే సిట్రియోడోరా రకంలో అయితే సినియోల్ బదులు సిట్రొనెల్లాల్ ఎక్కువ. దాల్చినచెక్క కథా ఇంతే. బెరడు నూనెలో ప్రధానంగా సిన్నమాల్డిహైడ్, అదే చెట్టు ఆకు నూనెలో యూజినాల్. నూనె పేరు ఒక్కటే చూస్తే లోపల ఏముందో తెలియదు.

సినియోల్ సుమారు 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మరి ఆకుల్లోంచి నీటి ఆవిరితో ఎలా తీస్తారు? నీళ్లూ నూనే కలవవు కాబట్టి రెండింటి ఆవిరి పీడనాలు కూడుతాయి. ఆ మొత్తం వాతావరణ పీడనానికి సమానం కాగానే మిశ్రమం 100 డిగ్రీల లోపే మరుగుతుంది. థర్మోడైనమిక్స్ క్లాసులో నిద్రపోనివాళ్లకి ఇది కొత్త కాదు. చల్లార్చాక నూనె పైన తేలుతుంది. కిలోలకొద్దీ ఆకు ఉడికిస్తే వచ్చేది కొంచెం నూనె. అంటే సీసాలో ఉన్నది ఆకుపసరు కాదు, ఆకు సారం మొత్తం గడ్డకట్టినంత గాఢమైన రసాయనం.

మరి ముక్కు ఎలా తెరుచుకుంటుంది? నిజానికి తెరుచుకోదు! 1983లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు కర్పూరం, యూకలిప్టస్, మెంథాల్ ఆవిర్లు పీల్పించి కొలిచారు. గాలికి ముక్కులో అడ్డు తగ్గలేదు కానీ, గాలి బాగా ఆడుతున్నట్టు మాత్రం వాళ్లకి అనిపించింది. చల్లదనాన్ని గుర్తించే నరాల గ్రాహకాల్ని ఈ అణువులు తట్టి లేపుతాయి. మెదడు దాన్ని చల్లగాలి అనుకుంటుంది. అలాగని సినియోల్ ఉత్త మాయ కూడా కాదు. 2003లో జర్మనీలో స్టెరాయిడ్ మాత్రల మీద ఆధారపడిన 32 మంది ఆస్తమా రోగులకి 12 వారాలు శుద్ధమైన సినియోల్ క్యాప్సూల్స్ ఇచ్చారు. డమ్మీ మందు తీసుకున్నవాళ్ల కన్నా వీళ్లకి స్టెరాయిడ్ ఎక్కువ తగ్గించగలిగారు. చిన్న అధ్యయనమే. పైగా అది 200 మిల్లీగ్రాముల కొలతతో, డాక్టర్ల పర్యవేక్షణలో జరిగింది. సీసా ఎత్తి తాగడం కాదు.

అసలు ప్రమాదం అక్కడే. ఒక టీస్పూను, అంటే 5 మిల్లీలీటర్లు మింగితే పెద్దవాళ్లకే విషం కావచ్చు. పసిపిల్లలకి అంతకన్నా తక్కువే చాలు. అరగంటలోపే మత్తు, ఫిట్స్, ఊపిరి అందకపోవడం మొదలవ్వొచ్చు. కర్పూరం, యూకలిప్టస్ కలిసిన బామ్‌లు వాడాక ఫిట్స్ వచ్చిన కేసుల్ని బెంగళూరు న్యూరాలజీ వైద్యులు పత్రికల్లో నమోదు చేశారు.

కాబట్టి మిత్రులారా, హాస్టల్ గదిలోనైనా, ఊళ్లో ఇంట్లోనైనా కొన్ని గుర్తుపెట్టుకోండి. దగ్గుకి చెంచాతో తాగొద్దు, తాగించొద్దు. రెండేళ్ల లోపు పిల్లల ముక్కు దగ్గర, ముఖం మీద రాయొద్దు. ఒంటికి రాయాలంటే కొబ్బరి నూనెలో పలచగా కలపండి. ఫిట్స్, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. సీసా పిల్లలకి అందని చోట పెట్టండి. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం వద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. ఏ నూనె, ఎంత లోపలికి పోయిందో డాక్టర్‌కి ఆ సీసానే చెబుతుంది.