అందరి చూపు ఒక దీపం మీదే



కొల్లేటి కుటుంబాలకు అడుగుల లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన ఐదో కాంటూరును బట్టే గదా 2006లో చేపల చెరువుల గట్లు కొట్టివేశారు! అయితే మన బిడ్డలు గల్ఫ్‌కు వెళ్లే విమానం ఎంత ఎత్తున పోతోందో, ఆ ఎత్తును ఎవరు కనిపెట్టి చూస్తున్నారో మనం అడగము. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా ప్రార్థన చేసి సాగనంపుతాము, అంతే.

యంత్రం చెడితేనే విమానం ఎత్తు తప్పుతుందని మేమూ అనుకునేవాళ్లం. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలో జరిగిన సంగతి చదివాక ఆ తలంపు మారింది. క్రిస్మస్ గడిచి నాలుగు రోజులే. న్యూయార్క్ నుండి 176 మందితో వచ్చిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం మయామీలో దిగబోతుండగా, ముందు చక్రం దిగిందని తెలిపే పచ్చ దీపం వెలగలేదు. రెండు వేల అడుగులకు లేచి అక్కడే ఉండమని కంట్రోలు వారు చెప్పారు. కింద ఎవర్‌గ్లేడ్స్. అది మన కొల్లేరు వంటిదే, కాకపోతే ఎన్నో రెట్లు పెద్దది: లోతు లేని నీరు, గడ్డి దుబ్బులు, రాత్రయితే ఒక్క దీపమైనా కానరాని చీకటి.

ఎత్తు నిలిపే పని ఆటోపైలట్‌కు అప్పగించి అందరూ ఆ దీపం మీద పడ్డారు. ఇంజనీరు చక్రాన్ని కళ్లారా చూద్దామని కింది అరలోకి దిగాడు. ఇంతలో ఎవరి ఒళ్లో తగిలి విమానం నడిపే కాడ కాస్త కదిలినట్టుంది, ఆటోపైలట్ ఎత్తు పట్టు వదిలేసింది. కుదుపు లేదు, మెల్లగా దిగసాగింది. ఎత్తు తగ్గుతోందని గంట మోగింది గాని, అది మోగింది ఇంజనీరు కూర్చునే చోట. ఆయన అక్కడ లేడు. రాడార్‌లో 900 అడుగులు చూసిన కంట్రోలరు కూడా పని ఎంతవరకు వచ్చిందని అడిగాడే గాని ఎత్తు సంగతి అడగలేదు. 101 మంది చనిపోయారు. చక్రం సరిగానే దిగి ఉంది. మాడిపోయినది బల్బే!

అక్కడ కప్పలు పట్టుకునే ఒకాయన తన ఫ్యాను పడవ మీద ముందుగా చేరి, ఇంధనం కలిసిన ఆ నీటిలో ఒళ్లు మండుతున్నా మనుషులను బయటికి లాగాడు. 75 మంది బ్రతికారు. ఆయన మనసు కొల్లేటి పడవవారికి తెలుస్తుంది.

మార్త చేసిన పని చెడ్డది కాదు గదా. ఆ దీపం సంగతి చూడడమూ చేయవలసిన పనే. ఎత్తు చూడడానికి మాత్రం ఒక్కరినీ విడిచిపెట్టలేదు.

మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద జరిగినది ఇంకా ఘోరం. 15,000 అడుగుల వద్ద ఆగవలసిన కజకిస్థాన్ విమానం ఇంకా కిందికి దిగి, ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ విమానాన్ని ఢీకొంది. 349 మందిలో ఒక్కరూ మిగలలేదు. కంట్రోలుతో మాట్లాడే రేడియో మనిషి ముందు ఎత్తు చూపే మీటరే లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగిచూడవలసిందే.

1981లో అమెరికా ఒక నియమం పెట్టింది: పదివేల అడుగుల లోపు ఉన్నంతసేపు పైలట్లు పనికి సంబంధం లేని మాట మాట్లాడకూడదు. లోపం ఏది వచ్చినా ఒకరు విమానం నడపడమే చూడాలి, రెండోవారే దాన్ని సరిచేయాలి. చేరవలసిన ఎత్తుకు ఇంకా వెయ్యి అడుగులుందనగా ఒకరు పైకి చెబుతారు, రెండోవారు మీటరు చూసి బదులు పలుకుతారు.