జోడు రెక్కల నౌకాదళ విమానం: నమూనా నిర్మాణం, రంగుల పూత

జోడు రెక్కల విమానం మద్రాసు నగరానికి కొత్తది కాదు. మౌంట్ రోడ్డులో హోటల్ నడిపిన జాకొమో డాంజెలిస్ రూపొందించిన అటువంటి విమానాన్ని ఈ నగరంలోనే సింప్సన్ సంస్థ నిర్మించింది. 1910లో అది పల్లావరంలో గాలిలోకి లేచింది. ఆనాటి ఇంజన్లకు శక్తి తక్కువ, చట్రాలకు బరువు మోసే సత్తా తక్కువ. పొడవైన ఒంటి రెక్కకు బదులు రెండు పొట్టి రెక్కలను ఒకదానిపై ఒకటి నిలిపి, నడుమ నిలువు కమ్మీలను, ఏటవాలు తీగలను బిగిస్తే ఆ కూర్పు వంతెన చట్రంవలె గట్టిపడుతుంది. వేగం తక్కువైనా విమానం పైకి లేస్తుంది. ఓడ మీది చిన్న వేదిక నుండి ఎగరవలసిన నౌకాదళ విమానానికి ఈ గుణం ఎంతో అవసరం.

బ్రిటిష్ నౌకాదళపు ఫెయిరీ స్వోర్డ్‌ఫిష్ ఈ కోవకు చెందినది. దాని తొలి నమూనా 1934లో ఎగిరింది. లోహపు చట్రంపై గుడ్డ కప్పిన ఈ విమానంలో ముగ్గురు కూర్చునేవారు. పొట్ట కింద ఒక టార్పెడో వేలాడేది. ఓడలో చోటు కలిసివచ్చేందుకు రెక్కలు వెనుకకు మడుచుకొనేవి. 1941 మే నెలలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ చుక్కానిని దెబ్బతీసినది ఈ విమానం వదలిన టార్పెడోయే.

మన తీరానికీ దీనికీ సంబంధం ఉంది. 1942 ఏప్రిల్ 5న జపాన్ నౌకాదళం కొలంబోపై దాడి చేసిన ఉదయం, ట్రింకోమలీ వైపు నుండి టార్పెడోలతో వస్తున్న ఆరు స్వోర్డ్‌ఫిష్‌లను జపాన్ యుద్ధవిమానాలు కూల్చివేశాయి. మరునాడు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు పడ్డాయి. ఆ నెలలోనే మద్రాసు జనం వేల సంఖ్యలో ఊరు విడిచి లోపలి జిల్లాలకు తరలిపోయారు. తెలుగు కుటుంబాలలో పెద్దలు చెప్పుకొనే ‘బాంబుల భయం’ నాటి కథలకు మూలం ఇదే. కనుక ఈ నమూనాను చేసే పిల్లలకు ఇది ఆటవస్తువే కాక చరిత్ర పాఠం కూడా.

నిర్మాణ క్రమం

నమూనాలు సాధారణంగా 1:72 నిష్పత్తిలో దొరుకుతాయి. అసలు విమానం రెక్కల వెడల్పు సుమారు 13.9 మీటర్లు, ఈ నిష్పత్తిలో అది 19 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. ముందుగా ప్లాస్టిక్ భాగాలను సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. అచ్చుకు పూసిన జిడ్డు మిగిలితే రంగు పట్టదు. తరువాత ఆసనాలున్న లోపలి భాగానికి రంగు వేసి, ఆపై దేహాన్ని, కింది రెక్కను అతికించాలి. పై రెక్కను అప్పుడే బిగించరాదు. బిగిస్తే నడుమ భాగానికి కుంచె అందదు.

పై రెక్క వంకర పోకుండా ఉండేందుకు మందపాటి అట్టను కొలతకు కత్తిరించి రెండు రెక్కల నడుమ ఆనుగా నిలపాలి. జిగురు పూర్తిగా ఆరిన తరువాతనే తీగల పని. ఆరు మిల్లీమీటర్ల తీగ ఈ నిష్పత్తిలో 0.08 మిల్లీమీటరుకు తగ్గుతుంది. ఎం.సి. రోడ్డు బట్టల అంగళ్ల పక్కన దొరికే కుట్టుదారంలో అతి సన్ననిదాన్ని మైనంపై రెండుసార్లు లాగితే నూగు అణగి తీగవలె కనిపిస్తుంది.

రంగుల పూత

యుద్ధపు తొలి సంవత్సరాలలో ఈ విమానాల పైభాగానికి ముదురు సముద్రపు బూడిద, పచ్చని ఛాయగల పలక బూడిద రంగులు పట్టీలుగా వేసేవారు. కింది రెక్క పైభాగానికి మాత్రం అవే రంగుల లేత ఛాయలు వాడేవారు. పై రెక్క నీడ పడి కింది రెక్క మరింత నల్లగా కనిపిస్తుంది కనుక, ఆ తేడాను సరిచేయడానికి ఈ ఉపాయం. నమూనాలోనూ దీనిని పాటిస్తే సహజత్వం వస్తుంది. జపాన్ చిహ్నంతో పొరపాటు పడకుండా ఈ ప్రాంతపు బ్రిటిష్ విమానాల చిహ్నాలలో ఎర్ర చుక్కను తరువాత తొలగించారు. 1942 ఏప్రిల్ నాటి విమానాన్ని చేసేవారు ఆ చుక్కను ఉంచాలి.

చెన్నై గాలిలో తేమ ఎక్కువ. వానరోజున చిమ్మిన రంగు తెల్లగా మసకబారవచ్చు. పలుచని పూతలు రెండు మూడు వేసి, ఒకటి ఆరిన తరువాతనే మరొకటి వేయాలి.

ఇంటిలో జాగ్రత్తలు

వాషర్‌మెన్‌పేట్ ఇరుకు సందులలో వంట, నిద్ర, చదువు ఒకే గదిలో సాగే ఇళ్లు ఎన్నో. అటువంటి చోట థిన్నర్ సీసా మూత తీయడం ప్రమాదకరం. దాని ఆవిరి గాలికంటె బరువైనది. నేలబారుగా పాకి పొయ్యి మంటను, దీపాన్ని అందుకోగలదు. పసిపిల్లలకు, ఆయాసం ఉన్నవారికి ఆ ఆవిరి మరింత హాని చేస్తుంది. ఇంటిలో చేసేవారికి నీటితో కలిపే అక్రిలిక్ రంగులు మేలు. రంగు చిమ్మవలసి వస్తే మేడపైన, తగిన మాస్కు ధరించి చేయాలి. కత్తిని, జిగురును పిల్లలు పెద్దల ఎదుటనే వాడాలి.

మిగిలిన రంగును, థిన్నర్‌ను కాలువలో పోయరాదు. వాననీటి కాలువలో పోసినది చివరకు సముద్రానికే చేరుతుంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిపారేసిన రంగు డబ్బాలను గృహ ప్రమాదకర వ్యర్థాలుగా పేర్కొన్నాయి. వాటిని తడిచెత్తతోను, పొడిచెత్తతోను కలపక వేరుగా కట్టి, విషయం చెప్పి పారిశుద్ధ్య కార్మికుల చేతికి అందించాలి. మూతలేని డబ్బా, విరిగిన బ్లేడు సంచిలో దాగి ఉంటే గాయపడేది వారి చేతులే.