గన్నవరం దాటితే ముక్కు పడే పాట్లు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవాళ్ళ ముక్కుకి తేమ కరువంటే ఏమిటో పెద్దగా తెలీదు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ బెజవాడ మధ్యలోంచే పారుతున్నాయి. ఊరు దాటితే వరి చేలు, ఆ పైన చేపల చెరువులు, అవీ దాటితే సముద్రం. ఆగస్టులో ఉతికి ఆరేసిన లుంగీ మర్నాటికి కూడా ఒక పట్టాన ఆరదు. ఉక్కపోస్తోందని తిట్టుకుంటాం గానీ, ఆ ఉక్క ముక్కుకి చేసే ఉపకారం తక్కువేం కాదు.

పీల్చిన గాలి ఊపిరితిత్తులకి చేరేసరికి ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకి వచ్చి, పూర్తిగా తడిసి ఉండాలి. ఆ స్థితిలో ఒక ఘనపు మీటరు గాలిలో 44 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. వానాకాలంలో బెజవాడలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున బయటి గాలిలోనే 24 గ్రాములుంటాయి. తక్కిన 20 గ్రాములూ కలపడం ముక్కు, గొంతు, శ్వాసనాళాల పని. అందులో బరువంతా దాదాపు ముక్కే మోస్తుంది.

రోహిణి కార్తెలో పడమటి గాలి తోలి, బందరు వైపు నుంచి సముద్రపు గాలి రాక ఆలస్యమైన మధ్యాహ్నం సంగతి వేరు. 43 డిగ్రీల వేడిలో తేమ 15 శాతానికి పడిపోతే గాలిలో మిగిలేది 9 గ్రాములే. అంటే ఊళ్ళోనే కూర్చున్నా ఏడాదికి కొన్నాళ్ళు ఎడారి మన గుమ్మంలోకే వస్తుంది. ఉక్క రోజుల్లో పనిచెయ్యని ఎయిర్ కూలర్ ఆ కొన్నాళ్ళు మాత్రం బ్రహ్మాండంగా చల్లబరిచేది అందుకే.

ఇక విమానం. 2022లో మా గన్నవరం విమానాశ్రయం నుంచి షార్జాకి నేరుగా విమానం మొదలైంది, 2023లో హజ్ యాత్రికుల విమానాలూ ఇక్కడినుంచే లేచాయి. ఎడారి దేశానికి వెళ్తున్నామని అక్కడి గాలికి భయపడతాం గానీ, అసలు పొడిగాలి దారిలోనే తగులుతుంది. మక్కాలో 45 డిగ్రీల ఎండలో తేమ 10 శాతమే ఉన్నా గాలిలో ఆరున్నర గ్రాముల నీరుంటుంది. విమానంలో 23 డిగ్రీల చల్లదనం, 15 శాతం తేమ అనుకుంటే ఉండేది 3 గ్రాములే! పది కిలోమీటర్ల ఎత్తున బయటి గాలి సున్నాకి 50 డిగ్రీల దిగువన గడ్డకట్టే చలితో ఉంటుంది, అందులో ఆవిరి దాదాపు ఉండదు. ఆ గాలినే కుదించి, తగిన వేడికి తెచ్చి లోపలికి వదులుతారు. లోపల తేమ అంటూ ఉంటే అది చాలావరకు తోటి ప్రయాణికులు వదిలిన ఊపిరిదే. షార్జా విషయంలో ఇంకో తమాషా ఉంది. ఎండాకాలంలో అక్కడి సముద్రతీరం బందరుని మించి ఉక్కపోస్తుంది. ముక్కు ఎండేది వీధిలో కాదు, ఇరవై నాలుగ్గంటలూ ఏసీ ఆడే గదిలో.

ముక్కు రంధ్రంలో రెండు పక్కలా మూడేసి మడతలుంటాయి, వాటిమీద పలచటి తడి పొర. వట్టివేళ్ళ తడికలోంచి వచ్చిన వడగాలి చల్లబడి తేమ పట్టినట్టే, ఈ మడతల్ని రాసుకుంటూ వెళ్ళిన గాలి తడుస్తుంది. ఊపిరి బయటికి వదిలేటప్పుడు ఆ ఆవిరిలో కొంత మళ్ళీ మడతలమీదే చేరుతుంది. నోటితో ఊపిరి పీల్చి వదిలేవాళ్ళకి ఈ పొదుపు లేదు. రాత్రి ఏసీ స్లీపర్ బస్సులో నోరు తెరుచుకు పడుకున్నవాళ్ళు తెల్లారేసరికి గొంతు బొంగురుపోయి లేచేది ఇందుకే.

తడి పొర మీద కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. అది సెకనుకి పదిసార్లకి పైగా కదులుతూ, దుమ్మూ సూక్ష్మజీవులూ అంటుకున్న చీమిడిని గొంతు వైపు తోసేస్తుంది. పొర ఎండితే చీమిడి చిక్కబడి నూగు కదలిక మందగిస్తుంది, పక్కులు కడతాయి. ఆ పక్కుల్ని వేలితో పీకినప్పుడే చాలామందికి రక్తం కారేది. రెండు రంధ్రాల మధ్య దూలం ముందు భాగంలో, వేలు సులువుగా అందే చోటే, అనేక రక్తనాళాలు వచ్చి కలుస్తాయి. 1879లో అమెరికన్ సర్జన్ జేమ్స్ లిటిల్, 1884లో జర్మనీలో కీసెల్‌బాక్ ఈ చోటుని వివరించారు.

రక్తం కారగానే తల వెనక్కి వాల్చి, నెత్తిన నీళ్ళు కొట్టి, ఉల్లిపాయ వాసన చూపించడం మన ఇళ్ళలో మామూలు. తల వెనక్కి వాలిస్తే రక్తం గొంతులోకి దిగి కడుపులో తిప్పుతుంది. నిటారుగా కూర్చుని కాస్త ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్ళతో పది, పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మధ్యలో ఆగిందో లేదో అని వదిలి చూడకూడదు. ఇదే అందరికీ చేతకాని పని.

సీసాల కొద్దీ నీళ్ళు తాగితే ముక్కు తడుస్తుందని చాలామంది నమ్మకం. ఎండలో నీళ్ళు తాగాల్సిందే గానీ, తాగిన నీళ్ళు నేరుగా ముక్కు పొరకి చేరవు. పనికొచ్చేది సెలైన్ స్ప్రే. ఇంట్లో చేసుకుంటే కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్ళలో అర చెంచాకి కాస్త తక్కువ ఉప్పు. పచ్చి నీళ్ళు మాత్రం వద్దు. పడుకోబోయే ముందు ముక్కు అంచున కాస్త వాజిలిన్ రాసుకోవచ్చు. ముక్కు దిబ్బడకి వాడే మందు చుక్కలు నాలుగైదు రోజులకి మించితే అసలు దిబ్బడే వదలదు. పసిపిల్లల ముక్కులో ఆముదమో కొబ్బరి నూనో చుక్కలేసే అలవాటు ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఎవరు చెప్పినా వెయ్యకండి.

విమానంలో చెవులు దిబ్బళ్ళు పడేది మాత్రం పొడిగాలి వల్ల కాదు, ఒత్తిడి మార్పు వల్ల. విమానం లోపలి ఒత్తిడి దాదాపు 8,000 అడుగుల ఎత్తున ఉండేటంత, అంటే ఊటీ కన్నా కొంచెం పైన ఉన్నట్టు. దిగేటప్పుడు ఆ తేడా సర్దుకోవాలంటే ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్ళే నాళం తెరుచుకోవాలి. గుటక వేస్తే తెరుచుకుంటుంది. అందుకే చాక్లెట్, చూయింగ్ గమ్. పసిబిడ్డకైతే దిగే సమయంలో పాలు పట్టాలి. ముక్కూ నోరూ మూసి మెల్లిగా గాలి ఊదినా పనిచేస్తుంది, బలంగా ఊదితేనే ముప్పు. జలుబు ముదిరి ఉంటే ఆ నాళం వాచి మూసుకుపోతుంది. వీలైతే ప్రయాణం వాయిదా వేసుకోవాలి, కుదరకపోతే ముందే డాక్టరుకి చూపించుకోవాలి.

గుబిలి కూడా పొడి ఊళ్ళలో గట్టిపడవచ్చు, దాని జోలికి పిన్నీసుతో పోవద్దు. మళ్ళీ ముక్కులోంచి రక్తం కారడం సంగతికొస్తే, రక్తం పలచబడే మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు ముక్కు గట్టిగా పట్టుకున్నాక కూడా అరగంటలో రక్తం ఆగకపోయినా, గొంతులోకి దిగుతున్నట్టున్నా ఏ ఊళ్ళో ఉన్నా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. వాళ్ళు వాడే మాత్రల పేర్లు రాసిన కాగితం పాస్‌పోర్టుతో పాటే పెట్టుకుంటే, భాష రాని చోట అక్కడి డాక్టరుకి అదే చాలు.